స్టేషన్ మాస్టారి టోపీ సొట్ట

మనుషుల తలల్ని దేవుడు సగం చేసి వదిలేశాడనీ, మిగతా సగం తానే పూర్తి చేస్తున్నాననీ సొట్టల మేస్త్రికి గట్టి నమ్మకం. ఈ మాట ఆయన దేవుడి మీద కోపంతో అనేవాడు కాదు. పని తెమలని సాటి పనివాడి మీద జాలితో అనేవాడు.

ఆయన వృత్తి ఫెల్టు టోపీలకు సొట్టలు పెట్టడం. మిల్లు నుంచి వచ్చినప్పుడు ఫెల్టు టోపీ బోర్లించిన గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. అలాగే పెట్టుకుంటే ఎంతటి పెద్దమనిషైనా గుడ్డు మీద గుడ్డు నిలబెట్టినట్టు కనిపిస్తాడు. అందుకని దాన్ని మరిగే కెటిల్ ముక్కు దగ్గర పట్టి, ఆవిరికి మెత్తబడగానే నడినెత్తిన అరచేతి అంచుతో గాడి దించి, ముందు రెండు పక్కలా వేళ్ళతో నొక్కి, చల్లారేదాకా కదలకుండా పట్టుకోవాలి. చెప్పుకోవడానికి ఇంతే. ఈ ఇంతతోనే ముప్పై ఒక్కేళ్ళుగా ఊళ్ళో తలలన్నిటినీ మేస్త్రి తన చెప్పుచేతల్లో పెట్టుకున్నాడు. "లోకంలో టోపీ పెట్టినవాణ్ణి తన్ని తరుముతారు. నన్ను మాత్రం వెతుక్కుంటూ వచ్చి మరీ పెట్టించుకుంటారు" అని వారానికి మూడుసార్లు అనేవాడు. మొదటి పదేళ్ళూ ఆయన భార్య ఈ జోకుకి నవ్వింది.

చిక్కల్లా ఏమిటంటే, ఎవరికి ఎలాంటి సొట్ట ఇష్టమో వాళ్ళని అడగడం ఆయన దృష్టిలో దండగ. "నీ నెత్తి నీకు కనిపిస్తుందా? చూసే కళ్ళు నావి, నాకు వదిలెయ్" అంటాడు. నడి గాడి ఒక్కటే చాలునంటూ వచ్చిన ప్లీడరుని ఎగాదిగా చూసి, "ఆ ముక్కుకి అది నప్పదు" అని ముందు నొక్కు పెట్టి పంపించాడు. కోర్టులో గొంతు చించుకునే మనిషి కెటిల్ ముందు కిక్కురుమనలేదు. పళ్ళ డాక్టరు తన సొట్ట లోతు లేకుండా మెత్తగా ఉండాలన్నాడు. "పళ్ళు పీకేవాడి నెత్తిన అంత మెతక సొట్టా? అది చూసి ఎవడు నోరు తెరుస్తాడండీ?" అని మేస్త్రి లోతుగా గాడి దించేశాడు. డాక్టరు ఆ టోపీ పెట్టుకుని తిరుగుతూనే ఉన్నాడు గాని, మేస్త్రికి పంటి నొప్పి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాడని వినికిడి.

కొత్త టోపీల సంగతి ఎలాగో సరిపెట్టుకోవచ్చు. రిపేరుకి వచ్చిన పాత టోపీల గతి ఇంకా అన్యాయం. రిబ్బను కుట్టమని ఇస్తే, రిబ్బను కుట్టి, పనిలో పనిగా వాళ్ళ సొట్ట చెరిపేసి తన సొట్ట పెట్టి ఇచ్చేవాడు. ఇలాగే బ్యాంకు మేనేజరు ఒకాయన తన టోపీని గుర్తుపట్టలేక, ఎవరిదో తెచ్చుకున్నానని రెండుసార్లు వెనక్కి తెచ్చిచ్చాడు. తనదేనని తెలిశాక కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. ఆయన వెళ్ళాక మేస్త్రి భార్య చేతిలో సూది కింద పెట్టింది. ఆ కొట్లో రిబ్బన్లూ, లోపలి తోలు పట్టీలూ కుట్టేది ఆవిడే.

"పుర్రెకో బుద్ధి అన్నారు పెద్దలు. పుర్రెకో సొట్ట. మధ్యలో మీకెందుకు? ఇంకొక్కసారి అడక్కుండా ఎవరి సొట్టయినా ముట్టుకున్నారంటే కెటిల్ నా చేతికొస్తుంది, సూది మీ చేతికొస్తుంది" అంది.

మేస్త్రి తన టోపీ తీసి, దాని మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. ఆ ఒట్టు పదకొండు రోజులు నిలిచింది.

పదకొండో రోజు సాయంత్రం మాస్టారమ్మ వచ్చింది. రిటైరైన స్టేషన్ మాస్టారి భార్య ఆవిడ. మేస్త్రి లోపల చెక్క అచ్చులు తుడుచుకుంటూంటే, ఆవిడ సంచీలోంచి బూడిద రంగు టోపీ ఒకటి తీసి మేస్త్రి భార్య ముందు పెట్టింది.

"లోపల తోలు పట్టీ చిరిగింది వదినగారూ. అదొక్కటి మార్చండి చాలు. ఈయనకి గుండె ఆపరేషనై మూడు నెలలైంది. డాక్టరు రోజూ నడవమన్నాడు. ఈయన గుమ్మం దాటితే ఒట్టు! మొదట్లో నీరసం అన్నారు, తర్వాత ఎండ అన్నారు, ఆ తర్వాత వాన అన్నారు. ఇప్పుడేమో పట్టీ చిరిగి టోపీ నిలవడం లేదు, ఒట్టి తలతో బయటికొస్తే జనం రోగి అనుకుంటారు అంటున్నారు. పట్టీ వేయిస్తే వస్తారా అని నిలదీశాను. వస్తానని మాటిచ్చారు. రేపు ఐదింటికి. ఆయన ఏ వంక దొరుకుతుందా అని చూస్తున్నారు. ఆ సొట్ట మాత్రం ముట్టుకోవద్దని అన్నయ్యగారికి చెప్పండి. అది మారిందంటే, ఇది నా టోపీయే కాదని మళ్ళీ మంచమెక్కుతారు. ఈసారి ఎక్కితే దిగరేమోనని నా భయం" అంది.

మేస్త్రి భార్య ఆ మాట మేస్త్రికి మూడుసార్లు చెప్పింది. మేస్త్రి మూడుసార్లూ సరే అన్నాడు. చెవిన పెట్టడం మాత్రం ఒక్కసారీ పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే పట్టీ కుట్టడం అయిపోయింది. మధ్యాహ్నం భార్య దారం ఉండలు తేవడానికి బజారుకి వెళ్ళింది. కొట్లో మేస్త్రి, టోపీ, టీ కోసం పొయ్యి మీద పెట్టిన కెటిల్ మిగిలారు.

ఆ టోపీ తన చేతిదే. లోపల, అప్పట్లో కొట్టు నడిపిన తండ్రి ముద్ర పక్కన తన చిన్న గుర్తు ఇంకా కనిపిస్తోంది. తండ్రి తనని నమ్మి మొదటిసారి కెటిల్ దగ్గర నిలబెట్టింది ఈ టోపీతోనే. దానికి తను పెట్టింది ఆకు సొట్ట. పైనుంచి చూస్తే ముందు కొస సన్నగా, వెనక వెడల్పుగా, లేత ఆకు పరిచినట్టు ఉండేది. తండ్రి చూసి తల ఊపాడు. ఆ తల ఊపు మేస్త్రికి ఈ రోజుకీ గుర్తే. అలాంటి టోపీని ఆ స్టేషన్ మాస్టారు ఏం చేసుకున్నాడో గాని, కుడిపక్క అంతా కుంగిపోయి, ఎడమపక్క వెనక ఉబ్బిపోయి, గాడి ఎక్కడ మొదలై ఎక్కడ పోయిందో దానికే తెలియనట్టు తయారైంది. మాస్టారు రోజూ పొద్దున కొట్టు ముందు నుంచి దాన్ని పెట్టుకుని వెళ్తూంటే, మేస్త్రి చూడలేక మొహం లోపలికి తిప్పుకునేవాడు.

చేతులు చూసి జాతకం చెప్పేవాళ్ళలా మేస్త్రి ఆ సొట్టని అటూ ఇటూ తిప్పి చదివాడు. "ఎడమచేతి వాటం మనిషి. బొటనవేలు బలం ఎక్కువ. ఏదో కోపంలో గుంజి పట్టుకున్నాడు. ఇంట్లో మాట నెగ్గనివాడు" అని తనలో తనే తీర్పు చెప్పుకున్నాడు. అంతలో కెటిల్ ఈల వేసింది. మేస్త్రికి చెయ్యి దురద పెట్టింది.

పది నిమిషాల్లో ఆకు సొట్ట మళ్ళీ పుట్టింది. ఎంత ముద్దుగా కుదిరిందంటే, మేస్త్రి దాన్ని తీసుకెళ్ళి ముందు కొక్కేనికి తగిలించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాడు. టీ పెట్టుకోవడం మరిచిపోయాడు.

భార్య తిరిగొచ్చింది. కొక్కెం వైపు చూసింది. దారం పొట్లం బల్ల మీద పెట్టి గడియారం చూసింది. రెండు కావస్తోంది. ఆవిడ అరవలేదు. అరవకపోయేసరికి మేస్త్రి తనే టోపీ దించి బల్ల మీద పెట్టాడు.

"నాలుగింటికి ఆవిడ వస్తుంది. పాత సొట్ట పెట్టెయ్యండి" అంది.

"అదెంత పని! అంతకంటే మంచిదే పెట్టినవాడికి ఆ వెధవ సొట్ట ఒక లెక్కా?" అన్నాడు మేస్త్రి.

లెక్కే అయింది. ముందు, ఆ సొట్ట ఎలా ఉండేదో ఆయనకి గుర్తు లేదు. ఊళ్ళో రెండొందల టోపీల సొట్టలు కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి, అసహ్యపడి సరిగ్గా చూడని ఆ ఒక్కదాన్నీ చెప్పలేకపోయాడు. పట్టీ కుట్టేటప్పుడు భార్య చూసింది కాబట్టి ఆవిడ పక్కన నిలబడి చెబుతూ వచ్చింది: కుడిపక్క ఇంకా కుంగాలి, వెనక ఉబ్బాలి, గాడి వంకర పోవాలి. మేస్త్రి అన్నీ చేశాడు. చేస్తే వచ్చింది చక్కటి వంకర. కొలిచి గీసిన వంకర. చెయ్యి తిరిగిన పనివాడికి ఉండే దరిద్రమే అది, చెడగొట్టమన్నా చెయ్యి చెడగొట్టదు.

ఎడమ చేత్తో చేశాడు. కళ్ళు మూసుకుని చేశాడు. మోచేత్తో పొడిచాడు. ఆవిరి పట్టిన టోపీని గోడకేసి కొట్టాడు. గోడకి తడి మరక, టోపీకి కొత్త రకం నొక్కు మిగిలాయి. ఐదోసారి వచ్చిన సొట్ట ఎంత బాగుందంటే, దాన్ని చెరిపే ముందు మేస్త్రి ఒకసారి తలకి పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. భార్య వేలి తొడుగుతో నెత్తిన ఒక్కటి మొట్టింది. పోనీ అని తనూ ప్రయత్నించింది. ఆవిడ చేతిలో పడ్డ సొట్ట ఆవిడ కుట్టులాగే ఒక్క పోగు అటూ ఇటూ కాకుండా వచ్చింది.

మూడున్నరకి మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది తన పని. మూడు నెలలుగా పొద్దున పూట తనకి చిరాకు ఎందుకు పుట్టడం లేదో ఇప్పుడు తెలిసింది. ఆ సొట్ట కొట్టు ముందు నుంచి పోవడం లేదు, అందుకు. ఆ మనిషి గుండె కోయించుకుని మంచంలో ఉంటే, తను మాత్రం హాయిగా టీ తాగుతూ, ఈ మధ్య రోజులు బాగున్నాయనుకున్నాడు. మేస్త్రికి సిగ్గేసింది. కెటిల్ పోతుందన్న బెంగ కూడా ఆ సిగ్గు ముందు వెనక్కి తగ్గింది.

"ఆయన రాకపోతే తప్పు నాది" అన్నాడు.

"ముమ్మాటికీ మీదే" అంది భార్య. అని, ఆయనకి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

నాలుగింటికి మాస్టారమ్మ వచ్చింది. బల్ల మీద టోపీ చూసింది. మేస్త్రి లేచి, చేసిందంతా దాచకుండా చెప్పేశాడు. చెప్పి, "ఒక్క దారుంది అమ్మా. ఆ సొట్ట మాస్టారి ఎడమ చేతిది. బొటనవేలు బలంగా పడింది. ఆయన ఆ వేళ మంచి కోపంలో ఉండి ఉంటారు. నేను కెటిల్ పట్టుకుని మీ ఇంటికొస్తాను. ఆయన ఆ చేత్తోనే ఒకసారి పట్టుకుంటే..." అన్నాడు.

మాస్టారమ్మ ఆయన్ని ఆపింది. "ఆయన చెయ్యి కాదు అన్నయ్యగారూ."

"మరెవరి చెయ్యి?"

"చెయ్యే కాదు" అందావిడ. యాభై దాటిన మనిషికి మొహం ఎర్రబడింది. "ఈ టోపీ కొన్న రోజు సంగతి. మాకు పెళ్ళయి అప్పటికి నెల. ఆ నెలంతా ఆయన నాతో రైళ్ళ టైములు చదివినట్టు మాట్లాడేవారు. నాకు ఏడుపొచ్చేది. ఆ రోజు ఈ టోపీ కొనుక్కుని స్టేషన్‌కి వెళ్ళాం. ఆయన టోపీ తీసి బెంచీ మీద పెట్టారు. నేను చూసుకోకుండా దాని మీద కూర్చున్నాను."

మేస్త్రి కళ్ళు టోపీ మీద నుంచి స్టూలు మీదకి వెళ్ళాయి.

"లేచి చూస్తే అది అలా అయిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇక చంపేస్తారనుకున్నాను. ఆయన దాన్ని తీసి తలకి పెట్టుకుని, నా వైపు తిరిగి, 'ఎలా ఉంది?' అని అడిగారు. జెండా ఊపేటప్పుడు పెట్టుకునే మొహమే పెట్టుకుని అడిగారు. నాకు నవ్వు ఆగలేదు వదినగారూ. ప్లాట్‌ఫారం మీద వాళ్ళంతా తిరిగి చూసేలా నవ్వాను. మేమిద్దరం మాట్లాడుకోవడం అప్పటి నుంచే. దాన్ని సరిచేయిస్తానంటే మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఎవరైనా అడిగితే, ఇది రైల్వే మోడల్ అని చెప్పేవారు."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "కొన్న రోజే కూర్చున్నారా?"

"కొన్న గంటన్నరకి."

ముప్పై ఒక్కేళ్ళుగా తన మొదటి గొప్ప పని అని మేస్త్రి దాచుకున్న ఆకు సొట్ట ఆయుష్షు గంటన్నర అన్నమాట. ఎడమచేతి వాటం, బొటనవేలు బలం, ఇంట్లో నెగ్గని మాట... మేస్త్రి భార్య గోడ వైపు తిరిగింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

"ఆవిరి పట్టండి" అంది మాస్టారమ్మ. "ఆ స్టూలు ఇటు జరపండి."

టోపీకి ఆవిరి పట్టి స్టూలు మీద పెట్టారు. మాస్టారమ్మ మేస్త్రిని గోడ వైపు తిరగమని చెప్పి కూర్చుంది. లేచి చూస్తే టోపీ చాప అయి ఉంది.

"అప్పట్లో నేను నలభై ఐదు కిలోలు" అంది.

"ఇప్పుడో?" అని మేస్త్రి నోరు జారాడు. భార్య ఆయన కాలు తొక్కింది.

మళ్ళీ ఆవిరి పట్టారు. అప్పట్లో తను కూర్చున్న మరుక్షణమే అదిరిపడి లేచానని మాస్టారమ్మకి గుర్తొచ్చింది. ఇప్పుడు మోకాళ్ళు అలా లేవనివ్వవు. అందుకని మేస్త్రి ఒక జబ్బ, ఆయన భార్య ఒక జబ్బ పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని దించి, మూడు అంటూనే పైకి లేపారు. సొట్ట పడింది. పడిందిగాని అటు ఎంతో ఇటు అంతే.

"ఇది కూర్చున్నట్టు లేదు, ముద్ర కొట్టినట్టుంది" అంది మేస్త్రి భార్య.

జబ్బలు మార్చి చూశారు. పక్కకి వాల్చి చూశారు. సంచీ ఒళ్ళో పెట్టుకుని చూశారు. గడియారం ఐదు కొట్టి పది నిమిషాలైంది. మాస్టారమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఐదన్నారు. ఐదు దాటితే ఇక రారు. ఆయన సంగతి నాకు తెలుసు" అంది. "చివరిసారి కూర్చోండమ్మా" అన్నాడు మేస్త్రి. ఇద్దరూ ఆవిడని జబ్బలు పట్టి సగం దాకా దించారు.

"పన్నెండు నిమిషాలు లేటు" అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

మేస్త్రి ఉలిక్కిపడి జబ్బ వదిలేశాడు. ఆయన్ని చూసి భార్యా వదిలేసింది. మాస్టారమ్మ బరువంతా ఒక్కసారిగా టోపీ మీద దభీమని పడింది. పడ్డ మరుక్షణం, మోకాళ్ళ సంగతి మోకాళ్ళకే వదిలేసి, నిటారుగా లేచి నిలబడింది.

గుమ్మంలో స్టేషన్ మాస్టారు. ఇంట్లో తిరిగే చెప్పులు, ఒక బొత్తం తప్పి పెట్టుకున్న స్వెట్టరు, చేతిలో కర్ర. నెత్తిన ఏమీ లేదు. మనిషి సగమయ్యాడు. మెట్టెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు. ఆయన ముందు భార్యని చూశాడు, తర్వాత స్టూలు చూశాడు, స్టూలు మీద ఆవిర్లు కక్కుతున్న టోపీ చూశాడు.

"ముప్పై ఒక్కేళ్ళయింది. చూసుకుని కూర్చోవడం ఇంకా రాలేదా నీకు?" అన్నాడు.

ఆయన కర్ర తలుపుకి ఆనించి, నెమ్మదిగా వచ్చి టోపీ అందుకుని, వేడి వేడిగా తలకి పెట్టుకున్నాడు. కుడిపక్క కుంగింది. ఎడమపక్క వెనక ఉబ్బింది. గాడి ఎటో పోయింది. ఆయన భార్య వైపు తిరిగి, జెండా ఊపే మొహం పెట్టి, "ఎలా ఉంది?" అని అడిగాడు.

మాస్టారమ్మ నవ్వింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి తొంగిచూసేలా నవ్వింది. నవ్వు మధ్యలో ఏదో తట్టి ఆగిపోయింది. "మీరు ఒట్టి తలతో వచ్చారు."

"నువ్వు ఇంటికి రాలేదుగా" అన్నాడు మాస్టారు.

మేస్త్రి భార్య కొంగుకి లేని దుమ్ము దులుపుకుంది. మేస్త్రి మాత్రం, కుక్క తోక వంకర అన్నట్టు, టోపీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "మాస్టారూ, పాతదాని మీద ఇది ఒక అంగుళం లోతు ఎక్కువే వచ్చినట్టుంది. మీరు ఊఁ అంటే ఆ కుడిపక్క కొంచెం..." అన్నాడు.

"ఎక్కువ రాక? మనిషి పెరిగిందిగా" అన్నాడు మాస్టారు. మాస్టారమ్మ సంచీతో ఆయన భుజం మీద ఒక్కటి వేసింది, గుండె ఆపరేషన్ గుర్తున్నట్టు మెల్లిగానే. ఇద్దరూ మెట్టు దిగి, ఇంటివైపు కాకుండా స్టేషన్ వైపు తిరిగారు. ఆ సొట్ట వీధి మలుపు తిరిగేదాకా మేస్త్రి గుమ్మంలో నిలబడి చూశాడు. మొహం తిప్పుకోలేదు.

ఒప్పందం ప్రకారం ఆ సాయంత్రమే కెటిల్ భార్య చేతికి వెళ్ళింది. వచ్చినవాళ్ళని ఆవిడ "మీకెలా కావాలి?" అని అడుగుతోంది. ఈ ప్రశ్న ఆ కొట్లో ఎన్నడూ వినని జనం బిత్తరపోయి, ఆలోచించుకుని రేపొస్తామంటున్నారు. ప్లీడరు తన నడి గాడి తను పెట్టించుకుని, కేసు గెలిచినవాడిలా వెళ్ళాడు. మేస్త్రి మూల కూర్చుని రిబ్బన్లు కుడుతూ వేళ్ళు పొడుచుకుంటున్నాడు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన తన సొంత టోపీ తీశాడు. తండ్రి పోయాక తనకి తాను చేసుకున్నది అది. దాని ఆకు సొట్ట మీద ఇరవై ఏళ్ళుగా ఈగని కూడా వాలనివ్వలేదు. దాన్ని తీసుకెళ్ళి, ఎవరో మరిచిపోయినట్టు భార్య కూర్చునే స్టూలు మీద పెట్టి, తిరిగొచ్చి తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకోసాగాడు.

భార్య కెటిల్ దించి వచ్చింది. స్టూలు చూసింది. మొగుణ్ణి చూసింది. టోపీ తీసి, మోచేత్తో దుమ్ము తుడిచి, కొక్కేనికి తగిలించి కూర్చుంది.

"చూసి కూర్చుంటే పడదండీ అది" అంది.

మేస్త్రి మర్నాడు కూడా టోపీని ఆ స్టూలు మీదే మరిచిపోయాడు.